బేబే పంక్తి కట్టేసిన రోజు

జ్ఞానీ అజాయబ్ సింగ్ గారిని చూసిన మొదటి రోజే నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పుట్టింటివాళ్ళంటారు, అత్తింటివాళ్ళంటారు, చివరికి పాలు పోసేవాడు కూడా అంటాడు. అననివ్వండి. ఆ రోజు నా స్థానంలో ఎవరున్నా మండేది.

మా అన్నయ్య సర్వన్ సింగ్ కూతురు రాజ్వంత్‌కు సంబంధం ఖాయం చేసుకోవడానికి వాళ్ళు వచ్చారు. పెళ్ళికొడుకు కీరత్ బంగారంలాంటి పిల్లాడు. పత్తి, గోధుమ పండిస్తాడు, పుస్తకాలు చదువుతాడు, పెద్దవాళ్ళ ముందు నోరెత్తడు. ఆ నోరెత్తకపోవడమే మా ప్రాణం మీదికి తెచ్చింది. ఎందుకంటే ఆ ఇంట్లో మాటంతా వాళ్ళ తాతగారిదే. ఆయనే జ్ఞానీగారు. జీవితమంతా గురుద్వారాల్లో కథ చెప్పిన మనిషి. తెల్లటి గడ్డం, నీలం తలపాగా, ఇస్త్రీ చేసినట్టు నలగని మాట.

లస్సీ గ్లాసు పక్కన పెట్టి ఆయన షరతులు మొదలుపెట్టారు.

"మందు ఉండకూడదు. డీజే ఉండకూడదు. పెళ్ళి ప్యాలెస్ వద్దు, మీ ఇంటి ముందే షామియానా వేయండి. నిలబడి తినే భోజనాలు మాకు పడవు. గురుద్వారం లంగరు భోజనంలో కూర్చున్నట్టు నేల మీద పంక్తిలో కూర్చుంటాం. పెళ్ళికూతురు కూడా మా పక్కనే కూర్చుని తింటుంది. కట్నం అన్న మాట మీ నోట రాకూడదు, మా నోట రాదు."

అక్కడిదాకా విని నేను మనసులో ఆయనకు దణ్ణం పెట్టేశాను. ఇలాంటి వియ్యంకులు కావాలంటే దొరుకుతారా! మా అన్నయ్య ముఖం చూడాలి, దీపావళి మతాబులా వెలిగిపోయింది.

"ఇంకొకటి," అన్నారు జ్ఞానీగారు. "గిద్దా వద్దు, బోలీలు వద్దు. మగపెళ్ళివారిని తిట్టే పాటలు అసలే వద్దు. పాటంటూ ఉంటే అది గురువాణి ఒక్కటే. పెళ్ళయ్యాక కూడా అంతే. అమ్మాయి కీర్తన చాలా బాగా చేస్తుందని విన్నాను. మా ఊరి గురుద్వారంలో రోజూ చేయనివ్వండి, మాకదే గౌరవం. బళ్ళో ఆడపిల్లలకి నేర్పుతోందట చూశారా, ఆ బోలీలూ గంతులూ, అవి మాత్రం మానెయ్యాలి."

చూడండి మరి! మండదూ?

మా రాజ్వంత్ సంగతి మీకు చెప్పాలి. ఆ పిల్ల తెల్లవారకముందే తలస్నానం చేసి గురుద్వారంలో హార్మోనియం ముందు కూర్చుంటుంది. వింటుంటే ముసలివాళ్ళ కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. మధ్యాహ్నం పట్నం బడిలో అదే పిల్ల చున్నీ నడుముకు బిగించి, చప్పట్లు చరుస్తూ ఆడపిల్లల చేత గిద్దా ఆడిస్తుంది. ఒకరు బోలీ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. అత్తల మీద, ఆడపడుచుల మీద, ఒంటెల మీద, పట్నం పోయి ఉత్తరం రాయని మొగుళ్ళ మీద, ఎన్ని బోలీలు! అవన్నీ మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. పుట్టినప్పటి నుంచి ఆమె పక్కలో పడుకుని పెరిగింది. మా అమ్మ పేరు బచింత్ కౌర్. ఊరంతా బేబే అంటుంది కాబట్టి మేమూ అలాగే అంటాం.

బేబే వరండాలో నులకమంచం మీద కూర్చుని అంతా వింటోంది. చెవుడు వచ్చిందని అందరూ అనుకుంటారు. ఆమెకు అక్కర్లేనివి మాత్రమే వినపడవు.

"జ్ఞానీగారూ, ఒక్క మాట," అంది బేబే. "బోలీలు చేసిన పాపమేంటి?"

"పాపమని అనను మాతాజీ. పొద్దున్నే గురువాణి పలికిన గొంతుతో సాయంత్రం ఎగతాళి పాట పాడకూడదంటాను. గొంతు ఒకటే కదా."

"నోరూ ఒకటే కదండీ. వాహెగురూ అన్న నోటితోనే ఆవకూర తింటాం, దానితోనే దున్నపోతుని అదిలిస్తాం. దేనికి దానికి వేరే నోరు తెచ్చుకుంటామా?"

మా అన్నయ్య దగ్గాడు. కీరత్ నవ్వు ఆపుకోలేక చెప్పుల వంక చూశాడు. జ్ఞానీగారికి మాత్రం కోపం రాలేదు. అది నాకింకా మంట.

"మీరు పాడినవి మంచి పాటలే కావచ్చు," అన్నారాయన నెమ్మదిగా. "నేను చూసినవి వేరు. పెళ్ళిపందిట్లో తాగిన మగవాళ్ళు, స్టేజీ మీద అర్ధరూపాయి పాటలకి ఎగిరే ఆడపిల్లలు, కింద తుపాకులు పేల్చే కుర్రాళ్ళు. మా తమ్ముడి కొడుకు భుజంలో ఆ గుండు ఇప్పటికీ ఉంది. ఆ రోజు నుంచి మా గడపలో ఆ పాటలు లేవు."

ఆ మాటకు బేబే కాసేపు తగ్గింది. తగ్గిందని మేమనుకున్నాం.

"అది తాగుబోతుతనం. దాన్ని ఆపండి, నేనూ చెప్పు తీసుకుని మీ వెనకే వస్తాను. మరి పొద్దున్నే గురుద్వారంలో పాడే వార్ కీర్తన ఉందే, దాన్ని పాతకాలం వీరుడి పాట బాణీలో పాడమని గురువులే చెప్పారు కదా. ఆ బాణీ ఎక్కడిది? పొలం గట్ల మీదిదే కదా?"

"గురువులు దాన్ని కడిగి తీసుకున్నారమ్మా."

"కడిగినా గిన్నె మా వంటింటిదేగా!"

జ్ఞానీగారు చిరునవ్వు నవ్వారు గాని షరతు మార్చలేదు. రాజ్వంత్ వైపు తిరిగి, "నీ ఇష్టం బిడ్డా. బలవంతం లేదు," అన్నారు. బలవంతం లేదట! ఇంటినిండా మనుషులు, ఎదురుగా కీరత్, చేతిలో మిఠాయి పళ్ళెం పట్టుకుని మా అన్నయ్య. ఆ పిల్ల ఒక్కసారి కీరత్‌ని చూసింది. వాడు చెప్పుల మీంచి కళ్ళు పైకెత్తలేదు.

"సరే బాబాజీ," అంది రాజ్వంత్.

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు చూడాలి. పిండి కలిపేటప్పుడు కూనిరాగం లేదు, గేదెకు మేత వేసేటప్పుడు లేదు. పొద్దున్నే గురుద్వారానికి వెళ్ళి కీర్తన చేసి వస్తుంది, ఆపైన పెదవి విప్పదు. బడిలో ఆఖరి రోజున ఆడపిల్లలు కావలించుకుని ఏడ్చారని వచ్చి చెప్పింది. చెప్పేటప్పుడు తను ఏడవలేదు. అది చూసి నేను ఏడ్చాను.

"ఎందుకొప్పుకున్నావే మొద్దూ?" అని గట్టిగా అరిచాను. "ఆ కీరత్‌ని చెవి పట్టుకుని అడగలేకపోయావా?"

"కీరత్ అడిగాడత్తా. మళ్ళీ మళ్ళీ అడిగాడు. బాబాజీ వినలేదు."

"అయితే వద్దను!"

"వద్దని ఎలా అంటాను? కీరత్ కావాలి నాకు. ఆ ఇల్లు కూడా మంచిదే. ఆయన చెడ్డవాడు కాదత్తా, అదే కష్టం. చెడ్డవాడైతే నేను రెండు తిట్టి వచ్చేసేదాన్ని." పిండి ముద్దను పీట మీద కొట్టి ఇంకా మెల్లగా అంది. "నాకు రెండు పాటలు లేవత్తా. ఒక్కటే ఉంది. సగం మానెయ్యమంటే ఎక్కడ కొయ్యాలో తెలియట్లేదు."

మేనత్తనై ఉండి ఏం చేయగలను? అన్నయ్యని నాలుగు దులిపాను, వదినని రెండు దులిపాను. వాళ్ళు అలవాటైన మనుషులు, విని ఊరుకున్నారు. బేబే మాత్రం మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉంది. నిజం చెప్పాలంటే నాకు అప్పుడే అనుమానం రావలసింది. మా అమ్మ ఊరికే ఊరుకునే రకం కాదు.

పెళ్ళి ఫాల్గుణంలో వచ్చింది. ఆవపూలు అప్పుడే రాలుతున్నాయి. పొద్దున్నే గురుద్వారం ముందు రెండు వైపుల పెద్దలూ ఆచారం ప్రకారం ఒకరినొకరు కావలించుకుని ఎత్తి ఎత్తి దించుకున్నారు. పెళ్ళికొడుకు మేనమామ జగీర్ సింగ్ మా పిల్ల మేనమామను ఎత్తబోయి తన నడుమే పట్టేసుకున్నాడు. అంత లావు మనిషి, ఆ మీసం అంతకన్నా లావు. తర్వాత గురుగ్రంథ సాహిబ్ చుట్టూ నాలుగు లావాలూ, అంటే పెళ్ళి ప్రదక్షిణలు, తిరిగారు. కీరత్ ముందు, అతని కండువా కొంగు పట్టుకుని రాజ్వంత్ వెనక. ఆ పిల్ల ముఖం వంచుకుని నడిచింది. పైకి అందరం ఆనందంగానే ఉన్నాం, లోపల ఎవరికీ ఆనందంగా లేదు.

ప్రసాదం తప్ప పొద్దుటినుంచి ఎవరి కడుపులోనూ ఏమీ పడలేదు. షామియానా కిందికి వచ్చేసరికి మగపెళ్ళివాళ్ళ కళ్ళు నేరుగా జిలేబీల మీదే. జ్ఞానీగారు అడిగినట్టే పొడవాటి జంపఖానాలు పరిచి, ఎదురెదురుగా రెండు పంక్తులు కూర్చోబెట్టాం. పళ్ళాలు పెట్టాం. లడ్డూ, జిలేబీ, ఖీర్, పప్పు, పనీర్, వేడివేడి రొట్టెలు. పంక్తి మొదట్లో జ్ఞానీగారు, ఆయన పక్కన కీరత్, ఆ పక్కన రాజ్వంత్, వాళ్ళకెదురుగా జగీర్ సింగ్. జ్ఞానీగారు కళ్ళు మూసుకుని వాహెగురుని తలచి, చేయి రొట్టె మీదికి చాచారు.

అప్పుడు లేచింది బేబే.

కర్ర పట్టుకుని, పూలు కుట్టిన ఎర్ర ఫుల్కారీ కప్పుకుని, రెండు పంక్తుల మధ్యకు నడిచి వచ్చింది. ఆ ఫుల్కారీ ఎప్పుడు పెట్టెలోంచి తీసిందో ఎవరికీ తెలియదు. కర్రతో నేల మీద ఒక్కటి కొట్టి ఎత్తుకుంది.

"కట్టితిని కట్టితిని, వచ్చినవారి పంక్తి కట్టితిని
మడిచిన మోకాళ్ళు కట్టితిని, చాచిన చేతులు కట్టితిని
లడ్డూకు ముడివేసి, జిలేబీకి మెలివేసి కట్టితిని
మేనమామ మీసాన్ని మీసంతోనే కట్టితిని
పెళ్ళికొడుకు వేళ్ళు కట్టితిని, ఉంగరంతోటే కట్టితిని
పాటొద్దన్న జ్ఞానీగారి నాలుక కట్టితిని, గట్టిగా కట్టితిని
విప్పేవాడు మీలో ఉంటే విప్పుకు తినండి
లేడంటే, అయ్యలారా, చూసి లేవండి!"

నేను నోరు వెళ్ళబెట్టాను. పంక్తి కట్టడం! మా చిన్నతనంలో ప్రతి పెళ్ళిలో ఉండేది. ఆడపెళ్ళివారు పాటతో పళ్ళాలు కట్టేస్తే, కట్టిన ప్రతి వస్తువునూ పేరుపేరునా విప్పుతూ మగపెళ్ళివారిలో ఒకడు పాట పాడాలి. అందాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. ముట్టారా, "కట్టు కూడు తిన్నోళ్ళు" అని ఆ ఊరిని తరాల తరబడి ఆడిపోసుకుంటారు. జనం నిలబడి తినడం మొదలయ్యాక అదంతా పోయింది. చేతిలో పళ్ళెం పట్టుకుని తిరిగేవాణ్ణి ఎవరు కట్టగలరు? జ్ఞానీగారే తన షరతుతో అందరినీ నేల మీద వరసగా కూర్చోబెట్టి బేబేకు అప్పజెప్పారు!

ఒక కుర్రాడు ఇవేమీ తెలియక లడ్డూ తీసుకున్నాడు. జగీర్ సింగ్ వాడి చేతి మీద ఫట్‌మని కొట్టాడు.

"పెట్టరా కింద! కట్టేసింది చూడట్లే?"

"ఎక్కడ కట్టింది మామా? తాడేది?"

"తాడు కనపడదు, పరువు కనపడుతుంది. పెట్టు!"

పెద్దవాళ్ళందరూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. కొందరి ముఖాల్లో ఆకలి, కొందరి ముఖాల్లో పసిపిల్లల సంబరం. మా ఆడవాళ్ళయితే చున్నీలు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నారు. మా అన్నయ్య ముఖం మాత్రం తెల్లగా పాలిపోయింది. పరుగున వచ్చి బేబే చెయ్యి పట్టుకున్నాడు.

"బేబే, కొంప ముంచావు! మాటిచ్చాం కదా!"

"మాటిచ్చింది నువ్వు. నన్నెవరడిగారు?"

జ్ఞానీగారు గంభీరంగా అన్నారు. "తినండర్రా. ఇదంతా వట్టి పాట. వట్టి మాటలకి పళ్ళెం వదిలేస్తామా?"

ఎవరూ కదలలేదు. ఆయన కూడా రొట్టె తుంచలేదు, అది నేను కళ్ళారా చూశాను. తుంచబోయి ఆగారు.

జగీర్ సింగ్ ఇక ఉండబట్టలేకపోయాడు. కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయేమో పాపం. "బాబాజీ, మీ నాన్నగారు విప్పేవారు కదండీ! మా ఊళ్ళోకి పెళ్ళివారొస్తే ముందు ఆయన్నే బండెక్కించుకొచ్చేవారని మా అమ్మ చెప్పేది. మీకు రాకుండా ఉంటుందా? రెండు ముక్కలు పాడేయండి, తినేద్దాం."

అందరూ జ్ఞానీగారి వైపు తిరిగారు. ఆయన ముఖంలో రంగు మారింది. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పుకున్నది కాదని అర్థమైంది.

"వచ్చు," అన్నారు. అబద్ధమాడే మనిషి కాదు. "కానీ పాడను. దీక్షలో అమృతం తీసుకున్న రోజున నా గొంతు గురువుకిచ్చాను. తిరిగి తీసుకోలేను."

ఇక అంతే. చేతులు ఒళ్ళోనే, రొట్టెలు చల్లారిపోతున్నాయి. బేబే గెలిచింది. గెలిచి మాత్రం ఏం లాభం? వియ్యాలవారు పస్తులతో లేచిపోతే రేపటి నుంచి ఆ ఇంట్లో బతకవలసింది మా పిల్ల. నాకు బేబే మీద కూడా కోపం ముంచుకొచ్చింది. లాక్కుపోదామని లేచాను.

నాకన్నా ముందు రాజ్వంత్ లేచింది.

పెళ్ళికూతురు, చేతుల నిండా ఎర్ర గాజులు, వాటికి వేలాడుతూ ఊగే కలీరలు. తల మీద కొంగు సర్దుకుని కీరత్ పక్కన నిలబడింది.

"బాబాజీ, ఈ ఒక్కసారికి పాడతాను," అంది. "మనవాళ్ళు ఆకలితో ఉన్నారు."

"మనవాళ్ళా?" బేబే కర్ర ఎత్తింది. "ఏయ్ పిల్లా, నువ్వు మా వైపు! కూర్చో!"

"పొద్దుటిదాకా మీ వైపే బేబే. నాలుగు లావాలూ తిరిగాక వీళ్ళ వైపు. నువ్వు కట్టింది మా పంక్తి."

బేబే కర్ర దించింది. ఆ ముసలి ముఖం ఒక్క క్షణం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పెళ్ళి చేశాం, ప్రార్థన చేశాం, అంతా చేశాం, కానీ పిల్ల వెళ్ళిపోయిందని మాకు అప్పుడు తెలిసింది.

రాజ్వంత్ చేతులు జోడించి మొదలుపెట్టింది.

"ముందు తలచేది వాహెగురుని, తల వంచి తలచేది
తరువాత తలచేది పాటిచ్చిన బేబేని, కాళ్ళంటి తలచేది
విప్పితిని మోకాళ్ళు, గురుద్వారం మెట్లెక్కిన మోకాళ్ళు విప్పితిని
విప్పితిని చేతులు, లంగరులో రొట్టె పంచిన చేతులు విప్పితిని
లడ్డూ ముడి విప్పితిని, జిలేబీ మెలి విప్పితిని
మేనమామ మీసాన్ని వెంట్రుక తెగకుండా మెల్లగా విప్పితిని
పెళ్ళికొడుకు వేళ్ళు విప్పితిని, ఉంగరం జారకుండా విప్పితిని
వీరి కొంగు పట్టుకుని నడిచిన చేతులతోనే విప్పితిని!"

మొదటి పాదంలో దేవుడి పేరు రాగానే జ్ఞానీగారి కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. అలవాటు కదా! మీసం దగ్గరకొచ్చేసరికి జగీర్ సింగ్ తన మీసం తడుముకుని, "వెంట్రుక తెగలేదర్రా!" అని అరిచాడు. పంక్తి పంక్తంతా గొల్లుమని నవ్వింది. జ్ఞానీగారు కళ్ళు తెరిచి చూశారు. ఆ పందిట్లో తాగినవాడు లేడు, తుపాకీ లేదు. ముసలివాళ్ళు తొడలు చరుచుకుని నవ్వుతున్నారు, ఆడపిల్లలు తాళం వేస్తున్నారు.

రాజ్వంత్ కూర్చుంది. జనం పళ్ళాల మీద పడ్డారు.

"ఆగండి," అంది బేబే. "ఒకటి మిగిలింది. జ్ఞానీగారి నాలుక విప్పలేదు."

మళ్ళీ చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. కీరత్ భార్య వంక చూశాడు. ఆ పిల్ల తల వంచుకునే చెప్పింది, గొంతు మాత్రం వణకలేదు.

"మర్చిపోలేదు బేబే. ఆ ముడి నాది కాదు. బాబాజీ పాడొద్దన్నారు, నేను సరేనన్నాను. ఆ మాట నా అంతట నేను ఎలా విప్పుతాను? ఆయన నాలుక ఆయనే విప్పుకోవాలి."

అమ్మో! ఇన్నాళ్ళూ పెదవి విప్పని పిల్ల, పెళ్ళి జరిగిన పూటే, అందరి ఎదుట, ఒక్క మాట జారకుండా అడగవలసింది అడిగేసింది. నాకు లేచి ఈల వేయాలనిపించింది. మేనత్తను కాబట్టి ఊరుకున్నాను.

మిగిలిన ముడి ఆయన ఒక్కరిదే కాబట్టి అందరూ తింటున్నారు, జ్ఞానీగారు మాత్రం తినకుండా కూర్చున్నారు. ఆయన ఖీర్ మీద మీగడ కట్టింది. బేబే వచ్చి ఆయన ఎదురుగా కర్ర మీద ఆనుకుని నేల మీద చతికిలబడింది. వెటకారం లేకుండా మాట్లాడింది.

"జ్ఞానీగారూ, గొంతు గురువుకిచ్చానన్నారు. ఇచ్చింది దాచుకుంటాడా గురువు? ఇలాంటి పూటలకి తిరిగి పంచుతాడు. తినండి బాబూ, మీరు తినకపోతే నాకు ముద్ద దిగదు."

ఆయన పళ్ళెం కొంచెం పక్కకు జరిపారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. కథ చెప్పే ముందు సవరించుకున్నట్టే.

"నాలుక కట్టిన తల్లికి మొదట నా నమస్కారం
నా తండ్రి పాడిన పంక్తిలో కూర్చున్న నా నమస్కారం..."

ఏం గొంతు! ఇంత గొంతు ఆ గడ్డం వెనక దాచుకుని కూర్చున్నాడా ఈ పెద్దమనిషి? నేను రొట్టెల బుట్ట పట్టుకుని నిలబడిపోయాను. వంటవాళ్ళు పొయ్యిల దగ్గర్నుంచి వచ్చేశారు. నాలుగు పాదాలు అద్భుతంగా సాగాయి. ఐదో పాదం ఎత్తి ఆగిపోయారు. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ ఆగారు. పెదవులు కదులుతున్నాయి, మాట రాలేదు. చిన్నప్పుడు వదిలేసిన పాట, ఎక్కడిదాకా గుర్తుంటుంది?

ఆయన చెమట తుడుచుకున్నారు. అటూ ఇటూ చూశారు. ఇన్ని ఊళ్ళ గురుద్వారాల్లో ఎప్పుడూ తడబడని మనిషి, అక్కడ మా షామియానాలో తడబడి, చివరికి మనవరాలి వరసైన పిల్ల వైపు తిరిగారు.

"బిడ్డా, తర్వాత ముక్క ఏమిటి?"

రాజ్వంత్ అందించలేదు. పాడింది.

"ముడి వేసిన చేతికే తెలుసు విప్పే దారి
విప్పిన నాలుక మీద తేనె పోయి వాహెగురూ!"

ఆయన అందుకున్నారు. ఇద్దరూ కలిసి ఆ పాదాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పారు. ఒకరిది పండిన గొంతు, ఒకరిది పచ్చి గొంతు. కీరత్ నోరు తెరిచి, ఆ పిల్లాడు, మొట్టమొదటిసారి పెద్దవాళ్ళ ముందు నోరు తెరిచి, "వాహ్!" అన్నాడు గట్టిగా. అని సిగ్గుపడ్డాడు.

పాట అయ్యాక జ్ఞానీగారు ఖీర్ గిన్నె ఎత్తి, మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, చెంచాతోనే రాజ్వంత్ వైపు చూపించి అన్నారు.

"సోమవారం బడికి పో. ఆ పిల్లలకి ఇది కూడా నేర్పు. నేను మూసెయ్యాల్సింది తాగుబోతుల నోళ్ళు. తొందరలో నీ నోటి మీద చెయ్యి పెట్టాను. తప్పు నాదే బిడ్డా."

"బాబాజీ, మరి కీర్తన?"

"అది మానితే ఊరుకుంటానా! తెల్లవారగట్ల నాతో గురుద్వారం, మధ్యాహ్నం నీ బడి. నా సంగతంటావా, నేను బోలీలు పాడను. ఇది మా నాన్నది కాబట్టి పాడాను." తర్వాత గొణిగారు. "మిగతా పాదాలు కూడా మీ బేబే దగ్గర ఉంటే రాయించుకో."

"అవి రాయించుకునేవి కావు, పక్కన కూర్చుని పాడించుకునేవి," అంది బేబే. "పిల్లను నెలకోసారి పంపండి. మీరూ రండి. మందు లేదు, డీజే లేదు. లస్సీ ఉంటుంది."

"వస్తాను మాతాజీ."

నాకు ఆయన మీదున్న కోపమంతా ఎటు పోయిందో పోయింది. రెండో విడత జిలేబీలు నేనే స్వయంగా ఆయన పళ్ళెంలో వేశాను. వద్దంటున్నా ఇంకో నాలుగు వేశాను.

పొద్దు వాలకముందే పిల్లను పంపించే వేళయింది. మా వదిన ఏడ్చింది, అన్నయ్య తలపాగా కొసతో ముఖం దాచుకున్నాడు, నేను ఇంటిల్లిపాదినీ కావలించుకుని ఏడ్చాను. రాజ్వంత్ గుప్పిళ్ళతో బియ్యం తల మీదుగా పుట్టింటి వైపు విసిరింది. బేబే మాత్రం కారు తలుపు పట్టుకుని, కళ్ళు పొడిగా, రాయిలా నిలబడింది. డ్రైవర్ ఇంజను వేశాడు, బేబే తలుపు వదల్లేదు. ఎవరు చెప్పినా వదల్లేదు.

లోపల ముందు సీట్లోంచి జ్ఞానీగారు గొంతు సవరించుకోవడం వినపడింది. ఆయన పంక్తిలో పాడిన వాళ్ళ నాన్న పాట మొదటి పాదం ఎత్తుకున్నారు. వెనక సీట్లోంచి, ఏడుపు మింగుకుంటూనే, రాజ్వంత్ రెండో పాదం అందుకుంది.

బేబే తలుపు వదిలేసింది. కారు సందు మలుపు తిరిగేదాకా చెవి ఒగ్గి వింది.

"ఇద్దరూ పాడుతున్నారా?" అని అడిగింది నన్ను.

"పాడుతున్నారు బేబే."

"అయితే సరే," అంది బేబే. "నేను కూడా ఏడుస్తాను ఇక." అని గడప మీద కూర్చుని, కొంగు ముఖాన కప్పుకుని, భోరుమంది.